నల్లమీసాల గోధుమ

ఐన్ హజ్లా
2023 మే 14

బిస్మిల్లా.

నా తమ్ముడి కూతురు దలెండాకు మేనత్త మన్నూబియా రాస్తున్నది.

క్షేమమా అని అడగను. క్షేమంగానే ఉంటావు. ఒకరి చేను పీక్కెళ్ళిన వాళ్ళకు క్షేమానికేం లోటు?

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. నిన్న ఫోన్లో నాలుగు మాటలు అనేలోపే "అత్తా, మీటింగ్‌లో ఉన్నా" అని పెట్టేశావు. ఉత్తరమైతే తిట్లన్నీ పూర్తిగా నీకు చేరతాయి. ఈ కవరును లమ్జద్ తన అద్దెబండిలో ట్యూనిస్ తెస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు. దీంతోపాటు పంపిన రొట్టెలు నీకు కాదు, మీ అమ్మకు.

స్ఫాక్స్‌లో మా చిన్నదానికి కాన్పయిందని వెళ్ళాను కదా. తిరిగి వచ్చి బండి దిగి, ఇంట్లోకి కూడా వెళ్ళకుండా బావి దగ్గరికి నడిచాను. నీకిచ్చిన రెండు మడులూ నున్నగా ఉన్నాయి. నీళ్ళు పెట్టిన మడీ లేదు, ఎండబెట్టిన మడీ లేదు. వేళ్ళతో సహా పెకలించి మట్టి కూడా దులిపి పట్టుకుపోయారు మీవాళ్ళు. పాలు పట్టిన గింజ, దలెండా! పాలు పట్టిన గోధుమను మా తాతల కాలంలో పగవాడు కూడా ముట్టేవాడు కాదు.

ఇప్పటిదాకా నేనేమైనా అన్నానా? వాన కోసం ఊరంతా మైదానంలో నిలబడి నమాజు చేస్తుంటే, నువ్వు నా చేనులో ప్లాస్టిక్ కప్పు కట్టి వానకు గొడుగు పట్టావు. జనం నవ్వారు. "మన్నూబియా మేనకోడలు దేవుడితో పందెం వేసింది" అన్నారు. అయినా ఊరుకున్నాను. మొక్క ఎలా దాహం తట్టుకుంటుందో తెలుసుకోవాలంటే దాన్ని దాహంతో ఉంచాలి అన్నావు. నిజమే అనుకున్నాను.

కానీ "నమూనా తీసుకుంటాం అత్తా" అన్నావు. నమూనా అంటే చిటికెడు. కూర రుచి చూస్తామన్నవాళ్ళు కుండ ఎత్తుకుపోతారా?

సమాధానం చెప్పు. మీటింగ్ అయ్యాకే చెప్పు.

నీ మీద మండిపడుతున్న
మన్నూబియా


ట్యూనిస్
2023 మే 18

అత్తకు,

రొట్టెలు అమ్మకిచ్చాను. సగం నాకు పెట్టింది, తిన్నాను. కావాలంటే ఆ సగం కూడా నా దొంగతనాల్లో కలుపుకో.

మూడేళ్ళుగా ఎండలో నీ బావి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు కోసినదాన్ని నేను. నిన్ను అడగకుండా ఏనాడూ ఒక్క ఆకు ముట్టలేదు. అలాంటిది నన్ను పంట దొంగ అన్నావు. అది కూడా లమ్జద్ చదువుకోగలిగేలా కవరు అంటించకుండా పంపి!

నేనేం చేస్తున్నానో నీకు ఎన్నోసార్లు చెప్పాను. ప్రతిసారీ "ఊఁ" అంటూ మిరపకాయలు తుంచుకున్నావు. మళ్ళీ చెబుతాను, ఈసారి చేతిలో పని పక్కన పెట్టి చదువు.

పెళ్ళింట్లో నువ్వు గదిలో కూర్చుని వంటింటికి కబుర్లు పంపుతావు: కుస్‌కుస్ దించండి, మాంసం ఇంకాస్త వెయ్యండి అని. మొక్కలో ప్రతి కణంలోనూ అలాగే కబుర్లు వెళతాయి. కొత్త ఆకు వెయ్యి, పొడుగు పెరుగు, ఫలానాది తయారు చెయ్యి అని. ఆ కబుర్లను ఆర్‌ఎన్‌ఏ అంటాం. ఇవికాక చిన్న ఆర్‌ఎన్‌ఏలని బుల్లి ముక్కలున్నాయి. అవి ఏ పనీ చెయ్యమని చెప్పవు. తమకు జత కుదిరిన కబురు కనిపిస్తే దానికి అతుక్కుని, వంటింటికి చేరకముందే తెంపేస్తాయి. నీళ్ళు కరువైనప్పుడు వాటిలో కొన్ని పెరుగుతాయి, దాంతో "పొడుగు పెరుగు" అనే కబురు ఆగిపోతుంది. మరికొన్ని తగ్గుతాయి. అవి అంతవరకూ తొక్కిపెట్టిన కబుర్లు, "ఆకు రంధ్రాలు మూసెయ్యి", "వేరును లోతుకు దించు" లాంటివి, అప్పుడు బయటపడతాయి.

అందరూ కొని చల్లుతున్న గోధుమలో ఈ సర్దుబాటు ఆకు వాడాక గానీ మొదలవదు. నీ నల్లమీసాల గోధుమలో ఆకు పచ్చగా ఉండగానే మొదలవుతోంది. దాహం వేయకముందే అది జాగ్రత్తపడుతోంది, అత్తా! ఇది మొదటిసారి చూసినప్పుడు నమ్మలేక లెక్క మళ్ళీ మొదటినుంచి చూసుకున్నాను. అదెలా జరుగుతోందో తెలిస్తే మిగతా గోధుమలకూ నేర్పవచ్చు.

అది తేల్చాలంటే గింజ పాలు పట్టే దశలో వేరు, ఆకు, వెన్ను మూడూ కావాలి. ఈ ముక్కలు మహా సుకుమారం. చేతి చెమట తగిలినా పాడవుతాయి. పీకిన మొక్కను పీకినచోటే పొగలు కక్కే చల్లటి ద్రవంలో ముంచాలి. గింజ పాలు పట్టే రోజు నీ స్ఫాక్స్ ప్రయాణం అయ్యేదాకా ఆగదు.

అయినా నేను అడిగాను. ఫోన్ చేసి, "మొత్తం తీసేస్తే నీకు విత్తనానికి ఇబ్బందా?" అని స్పష్టంగా అడిగాను. "ఇంటి నిండా ఉంది, కావలసినంత తీసుకో" అన్నావు. అమ్మ పక్కనే ఉండి విన్నది. ఇంటి నిండా ఉన్నప్పుడు రెండు మడుల కోసం ఇంత రభస దేనికి? వచ్చే అదనుకు మళ్ళీ చల్లుకో. తీసినదంతా మా ఫ్రీజర్‌లో భద్రంగా ఉంది.

చెయ్యని తప్పుకు తిట్లు తిన్న
దలెండా


ఐన్ హజ్లా
2023 మే 25

దలెండాకు,

నీ కవరును లమ్జద్ బండి ఆపకుండానే కిటికీలోంచి విసిరి పోయాడు. నా ముఖం చూసి భయమేసిందట.

నీ చిన్న ముక్కల సంగతి శ్రద్ధగా చదివాను. మా అత్తగారు చేసిన పని కూడా అదే. నేను వంటింటికి ఏ కబురు పంపినా నడిమధ్యన తెంపేసేది. అయినా ఆమెను ఎవరూ ఫ్రీజర్‌లో పెట్టలేదు.

ఇక నీ రెండో మాట. ఇంటి నిండా ఉంది అన్నాను. అంటాను. ఇంకేమంటాను? అడిగిన పిల్లకు "లేదు" అని చెప్పే నోరు మన ఇంట్లో ఎవరికైనా ఉందా? మీ నాన్నమ్మ నూనె జాడీ అడుగు గోకుతూ కూడా, పొరుగింటావిడ గిన్నె పట్టుకొస్తే "దేవుడిచ్చింది బోలెడుంది, రా" అనేది. అప్పుడు ఆ వచ్చినావిడ ఏం చేసేది? లోపలికొచ్చి, కూర్చుని, ఓరకంట జాడీ వంక చూసేది. చూసి, "ఇవాళ్టికి అక్కర్లేదులే, ఊరికే వచ్చా" అని తానే గిన్నె కొంగు కింద దాచుకునేది. ఉందనడం ఇచ్చేవాళ్ళ మర్యాద. ఉందో లేదో చూసుకోవడం అడిగేవాళ్ళ మర్యాద. నువ్వు ఫోన్లో అడిగావు, ఫోన్లో విన్నావు, వచ్చి పెకలించుకుపోయావు. నేను విత్తనం దాచుకునే గొయ్యి మూత ఎత్తి చూడాలని నీకుగానీ, నీతో వచ్చిన ఆ చేతితొడుగుల మనుషులకుగానీ తోచలేదు.

ఇప్పుడు చెబుతున్నాను విను. గొయ్యి ఖాళీ. మూడేళ్ళ కరువులో నాకు మిగిలిన ఒక్క బస్తా నల్లమీసాలనూ నీ మడుల్లోనే చల్లాను. సగం నీకిచ్చి సగం దాచుకోవడం నాకు చేతకాలేదు. మిగతా పొలంలో ఉన్నది సంఘం వాళ్ళిచ్చిన బార్లీ, అది కూడా జానెడు ఎత్తులో పండుబారి చచ్చింది. మా అమ్మ, వాళ్ళ అమ్మ చల్లిన గోధుమ అది. ఫ్రెంచివాళ్ళు తమ విత్తనం చల్లమని బెదిరించినా చల్లని గోధుమ. ఊళ్ళో అందరూ వదిలేశారు, నేను వదల్లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దాన్ని కరువునుంచి కాపాడతానని వచ్చి నువ్వే దాని వేరు తీశావు.

ఫ్రీజర్‌లో భద్రంగా ఉందన్నావు. ఉన్నది చాలు. సంచిలో పోసి లమ్జద్ చేతికివ్వు. పాలగింజలైనా వందకు పదో పరకో మొలుస్తాయి. నీడన ఆరబెట్టుకుంటాను.

ఎదురుచూస్తున్న
మన్నూబియా


ట్యూనిస్
2023 జూన్ 2

అత్తా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను.

ఫ్రీజర్‌లో గింజలు లేవు. పొడి ఉంది. మొక్కల్ని గడ్డకట్టించి, వేర్లతో వెన్నులతో సహా రోట్లో వేసి నూరాం. అలా నూరితేనే లోపలి ఆర్‌ఎన్‌ఏ బయటికి వస్తుంది. అది మొలవదు. ఎంత ఆరబెట్టినా మొలవదు.

నాకు ఏడుపొస్తోంది, కోపం కూడా వస్తోంది, రెండూ దాచను. మర్యాద పాఠం బాగానే చెప్పావు. కానీ "గొయ్యి ఖాళీ" అన్న రెండు ముక్కలు నీ నోట వచ్చి ఉంటే నేను ఒక మడి మొత్తం వదిలేసేదాన్ని. అందరితో పోట్లాడైనా వదిలేసేదాన్ని. నువ్వు గోధుమను పోనిచ్చావు గానీ మాట పోనివ్వలేదు. నేను ట్యూనిస్‌లో మూడో అంతస్తులో పెరిగాను. అక్కడ జాడీలోకి తొంగిచూస్తే తిడతారు. ఇదంతా నేను ఎక్కడ నేర్చుకుంటాను? పుట్టుకతో తెలియాలా?

విత్తనాలు దాచే భాండాగారం వాళ్ళను కలిశాను. మక్తర్ చుట్టుపక్కల గోధుమలు వాళ్ళ దగ్గర ఉన్నాయి, వాటిలో నల్లమీసాలవీ ఉన్నాయి. చూపించారు. నీవి కావు. ఐన్ హజ్లాకు ఇంతవరకూ ఎవరూ రాలేదట, దారి బాగోదని.

ఒక్క ఊరట. నీ గోధుమలోని చిన్న ఆర్‌ఎన్‌ఏలన్నిటినీ అక్షరం అక్షరం చదివి కంప్యూటర్‌లో దాచాం. అవి ఎప్పటికీ పోవు.

ఊళ్ళో ఎవరికైనా ఇచ్చావేమో గుర్తు తెచ్చుకో. పెళ్ళికో, కాన్పుకో, ఎవరికైనా. దోసెడు దొరికినా చాలు.

దలెండా


ఐన్ హజ్లా
2023 జూన్ 11

దలెండా,

పొడి!

మూడు రోజులు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. బలి ఇచ్చిన గొర్రెనైనా దేవుడి పేరు చెప్పి తింటాం. నూరి డబ్బాలో పోసి అంకె వేశారా?

పైగా ఊరట చెబుతున్నావు, కంప్యూటర్‌లో ఉందని. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని ఏ దుక్కిలో చల్లమంటావు? నేను ఒక్క గింజను మట్టిలో వేస్తే నీ అక్షరాలన్నీ అదే చదువుకునేది. చదువుకుని, ఏది తెంపాలో ఏది వదలాలో తానే చూసుకునేది. ఇన్నేళ్ళూ చూసుకుంది. దాని అక్షరాలు మిగిలాయి, అది మిగల్లేదు. ఇల్లు కాలిపోయిన మనిషికి ఇంటి ఫోటో ఇచ్చి ఓదారుస్తున్నావు.

మీ ల్యాబువాళ్ళు "రైతు సహకారానికి కృతజ్ఞతలు" అని రాసిన టోపీ ఒకటి పంపారు. గాడిదకు పెట్టాను. దానికి చక్కగా అమరింది, చెవులు మాత్రం బయటికొచ్చాయి.

ఎవరికీ ఇవ్వలేదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇక రాయకు. ఈ ఈద్‌కు రాకు. గొర్రె మాంసంలో మీ అమ్మ వాటా లమ్జద్ తెస్తాడు.

మన్నూబియా


ట్యూనిస్
2023 సెప్టెంబరు 24

అత్తా,

రాయవద్దన్నావు. వేసవంతా రాయలేదు. ఇప్పుడు రాయక తప్పదు, ఎందుకంటే నువ్వు నాకు అబద్ధం చెప్పావు.

మొన్న అమ్మకు సాంబ్రాణి, గుగ్గిలం లాంటివేవో తెచ్చిస్తూ లమ్జద్ మాటల్లో అన్నాడు: "కిందటేడు మీ అత్తయ్య నల్లమీసాల్లో పదో వంతు తుర్కియా పిన్ని గుమ్మం ముందు నేనే దింపాను కదా" అని. అతనికి అది పెద్ద విషయమే కాదు. నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

"ఎవరికీ ఇవ్వలేదు" అన్నావు! నేను నిద్రాహారాలు మాని నీ గోధుమ కోసం కెఫ్ దాకా, సిలియానా సంతల దాకా తిరిగాను. గుప్పెడు నల్లమీసాలు కనిపిస్తే పరుగెత్తుకెళ్ళి చూశాను. అది నీ గడప నుంచి కేకేస్తే వినపడే దూరంలో ఒక ఇంట్లోకి వెళ్ళిందని నీకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. తుర్కియా పిన్నితో నీకు మాటల్లేవని నాకూ తెలుసు. ఆమె మేకలు నీ మొలకలు తిన్నాయి, నువ్వు నలుగురిలో ఆమె ఇంటిని "మేకలకూ మనుషులకూ తేడా తెలియని కొంప" అన్నావు. ఆ మాట మేకల కంటే ఎక్కువ మేసింది. దానికి గోధుమ ఏం చేసింది?

వచ్చే వారం వస్తున్నాను. నువ్వు అడక్కపోతే నేను అడుగుతాను.

దలెండా


ఐన్ హజ్లా
2023 సెప్టెంబరు 28

దలెండా,

ఖబడ్దార్.

నేను అబద్ధం చెప్పలేదు. పంటలో పదో వంతు నేను ఇచ్చింది కాదు, అది దేవుడి వాటా. నూర్చిన రోజునే అది నాది కాకుండా పోయింది. నాది కానిదాన్ని నేను ఇచ్చానని ఎలా చెప్పుకుంటాను? ఆ వాటా ఊళ్ళో అందరికంటే లేనివాళ్ళకు చేరాలి. మా ఊళ్ళో అందరికంటే లేనిది తుర్కియా. అందుకే పంపాను. ఆమె ముఖం చూడటం ఇష్టం లేదు, అందుకే లమ్జద్‌తో పంపాను.

ఇచ్చిన దానం తిరిగి అడగడమంటే కక్కిన కూటికి ఆశపడటమే. డబ్బిచ్చి కొనుక్కున్నా అంతే. నా గోధుమ నాశనమైంది, అది చాలు. నా పరలోకం కూడా నువ్వు రోట్లో వేసి నూరకు.

ఆమె ఎప్పుడో తినేసి ఉంటుంది. తినాలనే ఇచ్చాను. నువ్వు రావద్దు.

మన్నూబియా


ట్యూనిస్
2023 అక్టోబరు 9

అత్తా,

వచ్చాను. నీ ఇంటి ముందునుంచే వెళ్ళాను. నువ్వు తలుపు సందులోంచి చూస్తున్నావని నాకు తెలుసు.

తుర్కియా పిన్ని గుమ్మంలో కూర్చుని ఉన్ని దువ్వుతోంది.

"ఎవరూ?"

"మన్నూబియా తమ్ముడి కూతుర్ని, పిన్నీ."

"ఓహో, వానకి గొడుగు పట్టిన పిల్లవా? మీ అత్త పంపిందా?"

"లేదు పిన్నీ. వద్దంది."

"అయితే రా, కూచో."

టీ పెట్టింది. వచ్చిన పని చెప్పాను. ఆమె ఉన్ని పక్కన పడేసి లేచి నిలబడింది.

"అది దానమా? లమ్జద్‌గాడు హారన్ కొట్టాడు. బస్తా గుమ్మం ముందు పడేశాడు. 'మన్నూబియా పదో వంతు' అని వీధంతా వినపడేట్టు అరిచి పోయాడు. మీ అత్త నోట ఒక సలామైనా లేదు. కుక్కకి ఎముక వేసేవాళ్ళు కూడా దాని ముఖం చూసి వేస్తారే పిల్లా!"

"మరి తిన్నారా పిన్నీ?"

"తింటానా? ఆమె గింజ నా గొంతు దిగుతుందా? పస్తున్నా ముట్టుకోలేదు. అలాగని గోధుమని పారెయ్యడం పాపం. ఇంట్లో ఉంచుకుంటే కళ్ళకి కనపడుతుంది, ఒళ్ళు మండుతుంది. అందుకే పట్టుకెళ్ళి వాగు పైన రాళ్ళ ఏటవాలులో చల్లిపారేశా. మొలిస్తే మొలుస్తుంది, లేకపోతే లేదు, దేవుడూ మన్నూబియా చూసుకుంటారు అనుకున్నా."

మొలిచిందత్తా. నీళ్ళు లేవు, ఎరువు లేదు, బావి లేదు. వెన్నులు వేలెడే అయినా గింజ కట్టింది. నేను కప్పు కట్టి, గొట్టాలు పెట్టి, కొలిచి కొలిచి దాహం సృష్టించిన మడికి కూతవేటు దూరంలో నీ గోధుమ అసలైన కరువును ఒంటరిగా దాటేసింది. "మేనెల పొడుగునా కొండంతా నల్లగా మీసాలు దువ్వింది. మీ అత్త ఈ వైపు తల తిప్పి ఉంటే కనపడేది" అంది పిన్ని.

లోపలినుంచి సంచి తెచ్చి మూతి విప్పింది. అవే గింజలు, పొడుగ్గా, తేనెరంగులో, పంటికింద రాయిలా గట్టిగా. నేను అక్కడే ఏడ్చేశాను. పిన్ని కంగారుపడి నా నోట్లో ఖర్జూరం కుక్కింది. కానీ గుప్పెడైనా ఇవ్వలేదు.

"మన్నూబియాని రమ్మను. తన కాళ్ళతో రావాలి. గుమ్మం దాకా కాదు, లోపలికి."

నాకు మీ ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోతోంది. ఒకరికేమో పరలోకం, ఇంకొకరికేమో రోషం. ఆ రోషమే దాన్ని బతికించిందని తెలిసినా నా కోపం తగ్గడం లేదు, ఎందుకంటే అదే రోషం మళ్ళీ చంపగలదు. ఆమెకు అరవై దాటాయి, ఆ సంచికి ఎలుకలున్నాయి. తొలి వాన పడితే విత్తే అదను మూడు వారాలు కూడా ఉండదు. వెళతావా, వెళ్ళవా?

దలెండా


ఐన్ హజ్లా
2023 నవంబరు 16

బిస్మిల్లా.

దలెండాకు,

వాన పడింది. వెళ్ళాను.

ఏ ముఖం పెట్టుకుని వెళ్ళావని అడగకు. ఉన్నది ఒక్కటే ముఖం, దానికే ముసుగు సరిచేసుకుని వెళ్ళాను. వీధిలో ప్రతి తలుపూ సందు తెరుచుకుంది. తుర్కియా లేచి నిలబడలేదు. "లోపలికి రా, మేకలు లేవులే" అంది. అంతే, మొదలైంది. మేకల దగ్గర మొదలెట్టి, నా మొగుడి చావుకు ఆమె రాకపోవడం, ఆమె కొడుకు పెళ్ళికి నేను పోకపోవడం, ఒక్కటి వదలకుండా అరుచుకున్నాం. అరిచి అరిచి ఇద్దరికీ గొంతులు పోయాయి. అప్పుడు వేయించిన పిండిలో నూనె పోసి బ్సీసా కలిపి పెట్టింది. ఉప్పు ఎక్కువైంది. ఆ మాటా అన్నాను.

తర్వాత అసలు సంగతికొచ్చాం. దానం తిరిగి తీసుకోను, కొనను అన్నాను. "ఇస్తానని ఎవరన్నారు? అమ్ముతానని ఎవరన్నారు?" అంది. మరెందుకు రమ్మన్నావంటే, ఏమందో తెలుసా?

"విత్తనం నాది. నా ఏటవాలులో రాళ్ళు తప్ప మట్టి లేదు. నీకు బావి పక్కన మంచి నేలుంది. నా విత్తనం నీ నేలలో వేస్తా. దున్నేది నువ్వు, కలుపు తీసేది నువ్వు, కోసేది నువ్వు. పంటలో ఐదో వంతు నీకు, మిగతాది నాకు."

అంటే ఖమ్మాస్! ఐదో వంతుకు ఒళ్ళు వంచే పాలేరు! మా నాన్న దగ్గర నలుగురు ఖమ్మాసులు ఉండేవాళ్ళు. వాళ్ళలో ఒకడు తుర్కియా తండ్రి.

"నా నేలలో నేను ఖమ్మాస్‌నా?" అన్నాను.

"ఇష్టం లేకపోతే పో. నాకు ఏటవాలు ఉంది, ఎలుకలున్నాయి."

నాకు ఆ క్షణంలో ఆమె జుట్టు పట్టుకోవాలనిపించింది. కానీ సంచి మూతి విప్పి ఉంది. గింజలు చూశాను. చెయ్యి లోపలికి పెట్టబోయాను. "పని కుదిరాకే ముట్టుకో" అంది. కుదిరింది.

నిన్న విత్తాం. విత్తాం అంటున్నాను గానీ ఆమె గట్టు మీద నా దుప్పటి పరుచుకుని కూర్చుంది. "ఒత్తుగా చల్లకు, అది నీ బాబు గోధుమ కాదు" అని సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది. ఊళ్ళోవాళ్ళు పనిమాలా వచ్చి చూసిపోయారు. లమ్జద్ బండి ఆపి హారన్ కొట్టాడు. నడుము విరిగింది. నా మండిపాటు ఇంకా చల్లారలేదు, చల్లారుతుందని కూడా అనుకోను. కానీ నల్లమీసాలు నేలలో పడ్డాయి.

నీ కబురు అందింది. ఈసారి ఆకు వాడకముందే, వారం వారం తుంచి చూడాలన్నావు. దాహం వేయకముందే అది ఏ ముక్కను తగ్గించుకుంటుందో పట్టుకోవాలన్నావు. పట్టుకో. కానీ ఆ సంగతి నన్ను అడగకు. ఈ చేనులో ఒక్క ఆకు ఇచ్చే హక్కు కూడా నాకు లేదు, యజమాని తుర్కియా. ఆమెకు ఫోన్ లేదు. ఉత్తరం రాస్తే ఆమెకు చదువు రాదు. నన్ను చదివి పెట్టమంటుంది, నేను చదవను. నువ్వే వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని అడుగు.

ఐదో వంతు మనిషి
మన్నూబియా